దసరాకు ఊరెళ్లని పిల్లల గురించి శిశు సంక్షేమ శాఖకు ఒక లేఖ

తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రిగారికి, శాఖ ఉన్నతాధికారులకు, జిల్లాల్లోని బాలల పరిరక్షణ విభాగాల అధికారులకు, బాలల సంక్షేమ సమితుల సభ్యులకు

నమస్కారం. బాలసదనాల్లో, అంటే ప్రభుత్వం నడిపే అనాథ పిల్లల ఇళ్లలో పెరిగి, 18 నిండగానే బయటికి రావాల్సి వచ్చే పిల్లల గురించి ఈ లేఖ.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పద్నాలుగేళ్లుగా లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను. మూడంతస్తులు, 52 మంచాలు. కోచింగ్‌కు వచ్చినవాళ్లు, నర్సింగ్ చదివేవాళ్లు, చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఉంటారు. దసరా వచ్చిందంటే హాస్టల్ ఖాళీ. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు నుంచే బ్యాగులు మెట్లు దిగుతుంటాయి. వంటామె తన ఊరికి వెళ్తుంది. మెస్ మూసేస్తాం. కింద వాచ్‌మన్ ఒక్కడు ఉంటాడు.

మూడేళ్ల కింద అలాగే అందరినీ పంపించి, తాళాలు చూసుకుంటూ పైకి వెళ్లాను. చివరి గదిలో ఒక పిల్ల చీకట్లో మంచం మీద కూర్చుని ఉంది.

"ఇంకా బయల్దేరలేదా? నీ బస్సు ఎన్నింటికి?" అన్నాను.

"నేను ఇక్కడే ఉంటానాంటీ. లైటు వెయ్యను, ఫ్యాను కూడా వెయ్యను. వంట అవసరం లేదు, బ్రెడ్డు తెచ్చుకున్నా" అంది.

చీకట్లో ఎందుకు కూర్చుందో అప్పుడు అర్థమైంది. కరెంటు బిల్లు సాకుతో నేను వెళ్లిపొమ్మంటానని భయపడింది.

ఆ రాత్రి ఆమెను కిందికి, మా ఇంట్లోకి తీసుకొచ్చాను. అన్నం తింటూ కొంచెం కొంచెంగా చెప్పింది. ఆరేళ్లప్పటి నుంచి బాలసదనంలో పెరిగింది. జూన్‌లో 18 నిండాయి. నిండిన వారానికి బయటికి పంపారు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటు వచ్చింది కానీ ఉండటానికి చోటు లేదు. నాకు కట్టిన అడ్వాన్సు అక్కడ వంట చేసే ఆయమ్మ తన జీతంలోంచి తీసి ఇచ్చిందట.

నేను లేచి ఆమె అడ్మిషన్ ఫారం తీశాను. తండ్రి పేరు దగ్గర గీత. పర్మనెంట్ అడ్రసు దగ్గర బాలసదనం ఇంటి నంబరు. లోకల్ గార్డియన్ అన్నచోట వార్డెన్ పేరు, ఫోన్ నంబరు. ఆ వార్డెన్‌కు అప్పటికే బదిలీ అయింది. ఆ ఫారం తీసుకుని సంతకం పెట్టింది నేనే. డబ్బు కట్టింది, ఆధార్ ఇచ్చింది, చాలనుకున్నాను. నాలుగు నెలలు నా కళ్ల ముందే తిరిగిన పిల్లకు ఈ లోకంలో ఫోన్ చేసి చెప్పడానికి ఒక్క మనిషి లేదన్న సంగతి నేను చూడలేదు. అది నా మనసులో ఇప్పటికీ ఉంది. ఈ లేఖ రాయడానికి మొదటి కారణం అదే.

ఆ పిల్ల పేరు, జిల్లా రాయను. ఆమె గురించి నేను గమనించినవి మాత్రం రాస్తాను.

ఆమె సామానంతా ఒక ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో 23 అని ఉంది. స్టీలు పళ్లెం మీదా అదే నంబరు. పక్క సందులోకి వెళ్లి సబ్బు తెచ్చుకోవాలన్నా వచ్చి "వెళ్లొచ్చా ఆంటీ" అని అడిగేది. పన్నెండేళ్లు గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గేటు తీస్తే బయటికి వెళ్లిన పిల్ల. ఉల్లిగడ్డ కిలో ఎంతో తెలియదు. ఏటీఎంలో డబ్బు తీయడం మా వాచ్‌మన్ నేర్పించాడు. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న తెలివైన పిల్ల ఆమె. ఇవన్నీ పక్కన నిలబడి నేర్పే అమ్మ, అక్క ఉంటే ఒక ఏడాదిలో వచ్చేస్తాయి. ఆ ఏడాదినే మనం వాళ్లకు ఇవ్వడం లేదు.

ఆమెకు ఒక అన్న. ఆడపిల్లలను ఒకచోట, మగపిల్లలను ఇంకోచోట ఉంచుతారు కాబట్టి చిన్నప్పుడే విడిపోయారు. అతనికి ముందే 18 నిండాయి. ఒక బేకరీలో పని, రాత్రి అదే బేకరీలో మైదా బస్తాల పక్కన పడక. ఆదివారాలు చెల్లెల్ని చూడటానికి వచ్చేవాడు. మా హాస్టల్లోకి మగవాళ్లను రానివ్వం. ఇద్దరూ రోడ్డు అవతల బస్టాపులో గంట కూర్చుని, తెచ్చిన బన్ను పంచుకుని తిని లేచేవాళ్లు. ఒక గది అద్దెకు తీసుకుని చెల్లెల్ని దగ్గర పెట్టుకోవాలని అతని ఆశ. "బ్యాచిలర్లకు ఇవ్వం" అని ఒకరు, "మీ పెద్దవాళ్లు వచ్చి మాట్లాడితే చూద్దాం" అని ఇంకొకరు. వచ్చి మాట్లాడే పెద్దవాళ్లు ఎక్కడున్నారు?

ఒక రోజు బేకరీలో గొడవై పని మాన్పించారు. ఆ రాత్రే పడక కూడా పోయింది. నాలుగు రాత్రులు సికింద్రాబాద్ స్టేషన్‌లో గడిపాడని చెల్లెలికి కూడా చాలా రోజులకు గానీ చెప్పలేదు.

అయ్యా, అమ్మా, ఈ పిల్లలు రోడ్డున పడే తీరు ఇదే. గేటు దాటిన రోజే ఎవరూ ఫుట్‌పాత్ మీదికి వెళ్లరు. పనితోపాటు పడక ఇచ్చేచోట చేరతారు. బట్టల షోరూము వాళ్లు ఇచ్చే గది, ముసలివాళ్లను చూసుకునే కేర్‌టేకర్ పని, ఫంక్షన్ హాలు, హోటలు. పని పోయిందంటే అదే పూట గూడు పోతుంది. జీతం ఎగ్గొట్టినా, చెయ్యి పట్టుకుని లాగినా, వెళ్లడానికి ఇంకో చోటు లేదు కాబట్టి ఆడపిల్ల నోరు మూసుకుని ఉండాల్సి వస్తుంది. కొందరిని ఎప్పుడూ చూడటానికి రాని మేనత్తకో పిన్నికో అప్పగిస్తారు. కాగితం మీద "కుటుంబానికి అప్పగించాం" అని ఫైలు మూతపడుతుంది. ఆ ఇంట్లో ఆమె అంట్లు తోముతోందో, ఆర్నెల్లలో ఎవరికో కట్టబెట్టారో వెళ్లి చూసేదెవరు? ఆ తర్వాత నైట్ షెల్టర్లు తెరవడం మంచిదే కానీ, అది నీళ్లలో పడ్డవాళ్లను తీయడం. నేను అడిగేది అంతకుముందు చేయాల్సిన పని.

మా హాస్టల్లో గ్రూప్స్‌కు చదివే ఒక అమ్మాయి పిల్లల సంరక్షణ కోసం చేసిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, దాని 2016 నియమాలు ప్రింటు తీసి తెచ్చింది. ఇద్దరం రెండు రాత్రులు కూర్చుని చదివాం. చదువుతుంటే నాకు ఆశ్చర్యం, తర్వాత కోపం వచ్చాయి. కావలసినదంతా దాదాపు అందులోనే ఉంది.

18 నిండి బయటికి వెళ్లేవాళ్లకు 21 ఏళ్లదాకా ఆఫ్టర్‌కేర్, అంటే బయటికి వెళ్లాక కూడా అండ, ఇవ్వవచ్చని ఉంది. ప్రత్యేక పరిస్థితి అయితే ఇంకో రెండేళ్లు, అంటే 23 దాకా. 25వ నియమం చూడండి. బయటికి వెళ్లడానికి రెండు నెలల ముందే ఆ తర్వాతి ప్రణాళిక రాసి ఇవ్వాలి. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే ఇళ్లు తాత్కాలికంగా ఏర్పాటు చేయవచ్చు. శిక్షణలో ఉంటే స్టైపెండ్, పై చదువుకు స్కాలర్‌షిప్, మాట్లాడి ధైర్యం చెప్పడానికి కౌన్సెలర్, సొంతంగా ఏదైనా పెట్టుకుంటామంటే రుణం ఇప్పించవచ్చు. డబ్బు నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలోనే వేయాలి. ఆరుగురు, ఎనిమిది మంది కలిసి ఉండే ఇల్లు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎవరు రాశారో కానీ తెలిసినవాళ్లే రాశారు. పద్నాలుగేళ్లుగా పిల్లలను చూస్తున్నదాన్ని, యాభై మంది ఉన్నచోట ఎవరికి జ్వరం వచ్చిందో తెలియదు, ఆరుగురు ఉన్నచోట తెలుస్తుంది.

అయితే చట్టంలోని 46వ సెక్షన్ "ఇవ్వవచ్చు" అంటుంది. నియమం మాత్రం రాష్ట్ర ప్రభుత్వం ఈ పిల్లల చదువుకు, పనికి, ఉండే చోటుకు కార్యక్రమం తయారు "చేయాలి" అంటుంది. పిల్లవాడి వంతు వచ్చేసరికి ఆ "వచ్చు" ఒక్కటే మిగులుతోంది. వార్డెన్ మనసున్న మనిషి అయితే పరీక్షలదాకా ఉండనిస్తుంది. లేకపోతే లేదు. ఇంటర్ రెండో ఏడాదిలో డిసెంబరులో 18 నిండిన పిల్ల పరీక్షలు మార్చిలో రాయాలి. ఆ మూడు నెలలు ఆమె ఎక్కడుండాలన్నది ఒక మనిషి దయ మీద వదిలేయడం న్యాయమేనా?

ఇంతకీ ఆ 18 ఎవరు లెక్కపెట్టారు? నా దగ్గర ఉన్న పిల్ల పుట్టినరోజు జూన్ 1. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీ. మన తరంలో సగం మందికి అలాంటి తేదీలే, మనకు తెలియనిది కాదు. స్టేషన్లలో దొరికిన పిల్లల వయసైతే డాక్టరు ఎముకలు చూసి అంచనా కట్టిందే. ఆ పరీక్షలో ఏడాది రెండేళ్లు అటూ ఇటూ అవుతుందని కోర్టులే చెప్పాయి. అంచనా వేసిన తేదీని పట్టుకుని ఖచ్చితంగా అదే రోజున పిల్లను గేటు బయట నిలబెడుతున్నాం.

ఆమెను వెంటబెట్టుకుని ఒక జిల్లా ఆఫీసుకు వెళ్లాను. "పద్దెనిమిది దాటింది కదమ్మా, ఇప్పుడు మా కిందికి రాదు" అన్నారు. నియమాల ప్రింటు చూపించాను. "ఆఫ్టర్‌కేర్ ఆర్డరు లోపల ఉన్నప్పుడే తీసుకోవాల్సింది" అన్నారు. లోపల ఉన్నప్పుడు ఆమెకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. తర్వాత ఇంకా మూడుసార్లు తిరిగాం. అక్కడి ఉద్యోగిని నేను నిందించను. ఆయన టేబులు చూశాను. బాల్యవివాహం ఆపడానికీ ఆయనే వెళ్లాలి, పిల్లల మీద లైంగిక నేరాల పోక్సో కేసుకూ ఆయనే, దత్తత విచారణకూ ఆయనే. చివరికి ఏడో నెలలో ఆర్డరు వచ్చింది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర బాలల పథకం కింద నెలకు 4,000 రూపాయలు పడటం మొదలైంది. నేను పనులు మానుకుని వెంట తిరిగాను కాబట్టి వచ్చింది. వెంట తిరిగేవాళ్లు లేని పిల్లలకే కదా ఈ పథకం పెట్టింది?

ఆ 4,000 సంగతీ చెప్పాలి. నా హాస్టల్లో అన్నింటికంటే తక్కువ రేటు ఫోర్ షేరింగ్, తిండితో కలిపి 5,500. ఈ చుట్టుపక్కల అంతకంటే తక్కువకు ఇచ్చి నిలదొక్కుకోవడం కష్టం, బియ్యం ధర, గ్యాసు ధర మీకూ తెలుసు. ఇక బస్ పాసు, పుస్తకాలు, నెలసరి ఖర్చులు, ఫోను రీచార్జి. చిన్న టౌనులో 4,000తో ఎలాగో నెట్టుకురావచ్చు, హైదరాబాద్‌లో మంచం కూడా రాదు. కోర్సులు, ఉద్యోగాలు ఉన్నదేమో ఇక్కడ. రాష్ట్రం తన వాటా పెంచి, పిల్ల ఉండే ఊరిలోని హాస్టల్ రేటుకు తగ్గట్టు ఇవ్వాలి.

కాగితాల కష్టం బయటివాళ్లకు కనిపించదు. ఆమె ఏటీఎం కార్డు ఆధార్‌లో ఉన్న అడ్రసుకు, అంటే బాలసదనానికి వెళ్లి, "ఈ పేరుగలవారు లేరు" అని తిరిగి వెళ్లిపోయింది. స్కాలర్‌షిప్‌కు ఆదాయ ధ్రువపత్రం కావాలంటే మీసేవలో ముందు అడిగింది తండ్రి పేరు. మన రాష్ట్రంలో అనాథలను బీసీ-ఏ జాబితాలో చేర్చారు, మంచి పని. కానీ పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఉండాలి, చూసుకునేవాళ్లు ఎవరూ ఉండకూడదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న అనాథాశ్రమంలోనో బడిలోనో చేరి ఉండాలి. పన్నెండో ఏట తల్లి పోయిన పిల్లకు అది వర్తించదు. తల్లి బతికే ఉండి మతి స్థిమితం లేక ఎక్కడో తిరుగుతుంటే ఆ పిల్లకూ వర్తించదు. వాళ్లకున్న అండ ఏమిటో నాకు ఎంత ఆలోచించినా తెలియలేదు.

కోవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు 2021లో కేంద్రం పీఎం కేర్స్ కింద ఏర్పాటు చేసింది. 18 నుంచి నెల నెలా స్టైపెండ్, 23 నిండాక 10 లక్షలు. చాలా సంతోషం. అదే ఏడాది క్షయతోనో, లారీ కిందపడో తల్లిదండ్రులు పోయిన పిల్ల కూడా అదే బాలసదనంలో పక్క మంచం మీద పడుకుంది. 18 నిండిన తర్వాత కూడా పిల్లకు అండ కావాలని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు, ఆ అండ అమ్మానాన్న ఏ రోగంతో పోయారన్నదాన్ని బట్టి మారకూడదు.

హిమాచల్ ప్రదేశ్ మనకంటే చిన్న రాష్ట్రం, మనకంటే తక్కువ ఆదాయం. 2023లో సుఖ్ ఆశ్రయ్ చట్టం తెచ్చి ఈ పిల్లలను రాష్ట్రం బిడ్డలుగా ప్రకటించుకుంది. 27 ఏళ్ల వరకు చదువు, నివాసం, నెలకు 4,000 చేతి ఖర్చు. ఇల్లు కట్టుకుంటామంటే మూడు బిస్వాల (అక్కడి భూమి కొలత) స్థలం, 3 లక్షల సాయం. పండగ ఖర్చుకు 500 రూపాయలు కూడా పెట్టారు. ఆ 500 చదివినప్పుడు నాకు చీకట్లో కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. పండగ రోజున ఈ పిల్లలు ఏమవుతారని ఆ కాగితం రాసినవాళ్లకు ఆలోచన వచ్చింది.

మిమ్మల్ని నేను అడుగుతున్నది ముఖ్యంగా ఒక్కటి. ఏ పిల్లనైనా బయటికి పంపే ముందు, ఆ రాత్రి ఆమె పడుకోబోయే మంచం ఎక్కడుందో, దానికి మూడేళ్లు అద్దె ఎవరు కడతారో ఆర్డరులో రాసి ఉండాలి. అది రాయలేకపోతే పంపకూడదు. పుట్టినరోజు దాటినా సరే. రెండు నెలల ముందు అన్న ప్రణాళికను 17వ ఏట మొదలుపెట్టండి, దాన్ని పిల్లకు చదివి వినిపించి, ఆమె ఏమందో కూడా రాయండి. కనీసం పాత పది జిల్లా కేంద్రాల్లో ఆడపిల్లలకొకటి, మగపిల్లలకొకటి ఆ ఆరుగురి ఇళ్లు తెరవండి. దానికి కొత్త బిల్డింగులు అక్కర్లేదు. మామూలు కాలనీలో మూడు గదుల ఫ్లాటు, కనిపెట్టుకుని ఉండటానికి ఒక పెద్దమనిషి. అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు ఉంటే ఒకే ఊళ్లో ఉండేలా చూడండి. హాస్టల్ ఫారంలో, అద్దె కాగితంలో గార్డియన్ సంతకం అడిగినప్పుడు జిల్లా అధికారి హోదాలో ఎవరో ఒకరు పెట్టాలి. మనిషికి బదిలీ అవుతుంది, ఆ హోదాకు కాదు కదా.

ఇంకొకటి. మన దగ్గర ఆడపిల్లకు పుట్టిల్లు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పెళ్లయి పదేళ్లయినా బతుకమ్మకు వస్తుంది, పురుటికి వస్తుంది, మొగుడితో మాటా మాటా వస్తే నాలుగు రోజులు తలదాచుకోవడానికి వస్తుంది. ఎందుకొచ్చావని అడగరు. ఈ పిల్లలకు బాలసదనమే పుట్టిల్లు. కానీ ఒకసారి గేటు దాటితే లోపలికి రానివ్వడానికి నియమాలు ఒప్పుకోవు. చిన్నపిల్లల భద్రత కోసం పెట్టిన నియమాలని నాకు తెలుసు, తప్పనను. అదే ప్రాంగణంలో గానీ పక్కన గానీ రెండు గదులు విడిగా ఉంచి, పండగకు, జబ్బు చేసినప్పుడు, పని పోయినప్పుడు పాత పిల్లలు వచ్చి పది రోజులు ఉండి వెళ్లేలా చేయవచ్చు. ఆ రెండు గదులు ఉండి ఉంటే ఆ అన్న స్టేషన్‌లో పడుకునేవాడు కాదు.

ఆ పిల్ల కోర్సు అయిపోయింది. ఇప్పుడొక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పనిచేస్తోంది. పోయిన ఏడాది అన్నాచెల్లెళ్లు మలక్‌పేటలో ఒక గది చూసుకున్నారు. పెద్దవాళ్లు ఎవరని ఇంటాయన అడిగితే నేను వెళ్లి పెద్దమ్మనని చెప్పి అగ్రిమెంటు మీద సంతకం పెట్టాను. ట్రంకు పెట్టె ఆటోలో నేనే ఎక్కించాను. మూత మీద 23 అలాగే ఉంది.

25వ నియమంలో ఇంకో వాక్యం ఉంది. ఈ పిల్లలకు సాయం చేయడానికి ముందుకొచ్చే సంస్థల, వ్యక్తుల జాబితాను ప్రతి జిల్లా బాలల పరిరక్షణ విభాగం తయారుచేసి ఉంచాలి. నేను వెళ్లిన ఆఫీసులో ఆ జాబితా గురించి అడిగితే అలాంటి రిజిస్టరు లేదన్నారు. దయచేసి ఆ రిజిస్టరు తెరవండి. మొదటి పేరుగా నాది రాసుకోండి. నా హాస్టల్లో రెండో అంతస్తులో రెండు మంచాలు ఈ పిల్లల కోసం తీసి పెట్టాను. అడ్వాన్సు అక్కర్లేదు, మీరిచ్చే 4,000లో ఎంత కట్టగలిగితే అంత కడతారు. ఈ వీధిలో హాస్టల్ నడిపే ఇంకో ముగ్గురితో మాట్లాడాను, ఒక్కో మంచం ఇస్తామన్నారు. దసరా సెలవుల్లో కూడా మెస్ తెరిచే ఉంటుంది.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక హాస్టల్ నిర్వాహకురాలు